ఇచ్చిన శ్రుతి

ఆ సాయంత్రం సాధనలో శ్రుతక్క ఒక స్వరం ఇచ్చింది. వెనకున్న నలభై మందీ ఇంకో స్వరం అందుకున్నారు.

పెద్ద తేడా ఏం కాదు, అరమెట్టు. పియానో మీద తెల్లమెట్టుకీ దాన్ని ఆనుకున్న నల్లమెట్టుకీ మధ్య ఉన్నంత. మామూలు మనిషికి చెవిలో వేసి చెప్పినా పట్టుబడదు. శ్రుతక్క సంగతి వేరు. వంటింట్లో గిన్నె జారిపడితే అది ఏ స్వరంలో మోగిందో చెప్పే చెవి ఆమెది. తల్లి నుంచి వచ్చిన ఆస్తి అదొక్కటే. ఆ చెవిని నమ్ముకునే బృందం ఆమెను ముందు వరుసలో, ఆడవాళ్లలో కింది గొంతులైన ఆల్టోల మధ్య నిలబెట్టింది. పాటకి ముందు ఆమె ఒక్క స్వరం సన్నగా పలుకుతుంది, దాన్ని ఆధారం చేసుకుని తక్కిన గొంతులన్నీ లేస్తాయి. అసలు పేరుతో ఎవరికీ పని పడక అందరూ శ్రుతక్క అనేశారు. ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణం యజమాని కూడా అలాగే పిలుస్తాడు, అతనికి సంగీతమంటే తలనొప్పి అయినా సరే.

పాట సాగుతోంది. శ్రుతక్క నోరు దానంతట అది పాడుతోంది. ఆమె మెల్లగా తల తిప్పి వెనక్కి చూసింది. ఒక్క మొహంలోనూ మార్పు లేదు. అందరూ నిమ్మకి నీరెత్తినట్టు హాయిగా పాడుకుంటున్నారు. తప్పు జరిగినప్పుడు నలభై మందిలో నలుగురైనా నొసలు చిట్లించాలి కదా!

పాట అయ్యాక పక్కన నిలబడే ఆమెను చెవిలో అడిగింది. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది, అబద్ధం చెప్పే మనిషి కాదని పేరు.

"టీచరమ్మా, మనం కొంచెం ఎత్తుగా అందుకున్నామా?"

"లేదే! నువ్విచ్చిందే పాడాంగా అక్కా." అంటూనే టీచరమ్మ సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఈ ప్రశ్నా, ఈ జవాబూ శ్రుతక్క ఇంతకు ముందే విని ఉంది.

ఆమెకి ముందు ఆ చోట నిలబడింది ఆమె తల్లి. అప్పట్లో శ్రుతక్క సంసారం వేరే ఊళ్లో. ఒకరోజు తల్లి ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పింది: "నేనిచ్చేది ఒకటి, వాళ్లు పాడేది ఇంకొకటే. అడిగితే ఏం లేదంటారు. అందరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారే." శ్రుతక్క అప్పుడు పొయ్యి మీద కూర మాడిపోతోందన్న కంగారులో ఉంది. "ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ అమ్మా" అని పెట్టేసింది. కొన్నాళ్లకి తల్లి బృందం మానేసింది. ఇంట్లో కూనిరాగం తియ్యడం కూడా మానేసింది. ఆ తర్వాత, చాలా కాలానికి, తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోవడం, పక్కింటి గుమ్మం తనదే అనుకోవడం మొదలైంది. చివరికి కన్నకూతుర్ని చూసి "మీరెవరండీ?" అంది. పోయేదాకా అలాగే మర్యాదగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. ఇంట్లో ఆ జబ్బు కథ ఎప్పుడు చెప్పుకున్నా మొదలు అదే: ముందు శ్రుతి పోయిందట, తర్వాత మనిషి పోయిందట.

ఇప్పుడు తన వంతు వచ్చిందా?

అడిగి తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది బయటివాళ్లకి. అక్కడే ఉంది ఈ బృందం గొప్పతనమూ, మూర్ఖత్వమూ. దాని చరిత్ర కొంచెం చెప్పుకోకపోతే శ్రుతక్క భయం అర్థం కాదు.

బృందాన్ని పెట్టింది మునిసిపాలిటీలో పనిచేసే ఒక గుమాస్తా. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవాళ్లు. బట్టల గోదాము మీది గదిలో ఒక పాత పియానో పెట్టుకుని, పాడగలిగినవాళ్లనీ, పాడగలమని అనుకున్నవాళ్లనీ పోగేశాడు. ఒకనాడు కింద గోదాము అంటుకుని పియానో బూడిదైంది. ఒప్పుకున్న కచేరీ దగ్గర పడింది. వేరే గతిలేక ఉత్త గొంతులతో పాడేశారు. జనం కళ్లనీళ్లు పెట్టుకుని మెచ్చుకున్నారు. అంతే, ఇక వాయిద్యం ముట్టం అని ఒట్టు పెట్టుకున్నారు. గతిలేక చేసినదాన్నే పట్టుదల అని చెప్పుకోవడం పెద్దాయనకి బాగా తెలుసు.

పాటలు కూడా ఆ గతిలేనితనానికి తగినవే ఏరుకున్నారు. ఎనిమిది పాయలుగా విడిపోయే ఒక శోకగీతం ఉంది. నగరంలో ఏ పెద్దమనిషి పోయినా అది పాడమని కబురొస్తుంది. మాటలే లేని జోల ఉంది. బేస్ అనే మంద్రగొంతులవాళ్లు తెడ్లు వేస్తున్నట్టు గుమ్ గుమ్ మంటూ ఉంటే తక్కినవాళ్లు వాటి మీద తేలే పడవపాట ఉంది. చినుకుతో మొదలై కుండపోతగా మారే వానపాట ఉంది. అన్నిటికీ తలమానికం పెద్దాయన సొంతంగా కట్టిన నదిగీతం. ఊట, ప్రవాహం, సముద్రం అని మూడు భాగాలు. పాడితే ఆ రాత్రంతా గొంతు నొప్పెడుతుంది.

తొలినాళ్లలో ఒక కచేరీలో, ఇచ్చిన శ్రుతి తప్పని ఒక బేస్ గాయకుడు స్టేజీ మీదే అరిచాడు. కాదని పెద్దాయన అరిచాడు. ఇద్దరూ పాట కాగితాలతోనే కొట్టుకున్నారు. తర్వాతి కచేరీకి జనం రెట్టింపు వచ్చారుగాని, పాట కోసం కాదు. ఆ పరువు తక్కువ పని నుంచి పుట్టింది నియమం: ఇచ్చిన శ్రుతే శ్రుతి, ఇచ్చిన మనిషిని మొహం మీద ఎవరూ ప్రశ్నించకూడదు. ఇంకొకటి కూడా పెట్టారు. శ్రుతి ఇచ్చాక వెంటనే పాడరు. ఒక ఊపిరి సేపు అందరూ నిశ్శబ్దంగా దాన్ని లోపల నిలుపుకుంటారు. దానికి బృందంలో 'మింగడం' అని పేరు. శ్రుతి ఇచ్చే మనిషి ఆ సేపు జనం వైపు చూస్తూ, బృందానికి వీపు పెట్టి నిలబడాలి.

ఈ కథలన్నీ కొత్తవాళ్లకి చెప్పేది గుమ్మటం మావయ్య. బేస్ వరుసకి పెద్ద. ఆయన గొంతు విప్పితే గదిలో కిటికీలు అదురుతాయని ఆ పేరు. ఎవరికీ చుట్టం కాడు, అందరికీ మావయ్యే.

తర్వాతి సాధనలోనూ అలాగే జరిగింది. ఆ తర్వాతా అంతే. శ్రుతక్క స్వరం ఇస్తుంది, ఊపిరి సేపు ఆగుతారు, అరమెట్టు పైన పాట లేస్తుంది. ఎవరూ ఉలకరు, పలకరు.

ఆమెకి కొత్త అనుమానం పట్టుకుంది. వాళ్లు సరిగ్గానే పాడుతున్నారేమో. తానే ఇచ్చిన స్వరాన్ని ఆ గుటక సేపట్లో మరిచిపోతోందేమో. ఇచ్చింది ఒకటైతే ఇచ్చాననుకుంటున్నది మరొకటేమో. అలా అనుకున్న రాత్రి ఆమెకి కంటి మీద కునుకు పట్టలేదు. పక్కన మొగుడు గుర్రు పెడుతూనే ఉన్నాడు. ఆ గుర్రు ఏ స్వరంలో ఉందో కూడా అనుమానమే వచ్చింది.

దుకాణంలో అద్దాల పవర్ ఒకటికి రెండుసార్లు చూడసాగింది. గ్యాసు కట్టేశానా అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేది. స్నానాల గదిలో ఎక్కాలు అప్పజెప్పుకునేది. పదిహేడో ఎక్కం దగ్గర ఆగిపోయి ఏడ్చింది. పదిహేడో ఎక్కం ఆమెకి చిన్నప్పుడు కూడా రాదన్న సంగతి ఆ భయంలో తట్టలేదు.

కూతురు తలుపు తట్టింది. "అమ్మా, లోపల ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"ఎవరితోనూ లేదు. ఎక్కాలు."

"ఈ వయసులో ఎక్కాలేంటమ్మా?"

ఆ పిల్ల నవ్వింది. శ్రుతక్క నవ్వలేకపోయింది. రేపు ఈ పిల్ల తన ముందు అన్నం పళ్లెం పెట్టి నిలబడితే, తాను తలెత్తి "మీరెవరండీ?" అంటే? తల్లి నోట ఆ మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో శ్రుతక్కకి తెలుసు. తను పడింది కూతురు పడకూడదు. ఈ ఒక్క భయం ముందు తక్కినవన్నీ చిన్నవే.

ఆ ఏడు బృందానికి అరవై నిండుతున్నాయి. కొత్తగా వచ్చిన మాస్టారు కుర్రాడు, ఉత్సాహం పాలు ఎక్కువ. నదిగీతంలో మొదటి రెండు భాగాలూ ఎప్పటిలాగే ఉత్త గొంతులతో పాడి, సముద్రం రాగానే పియానో కలపాలన్నాడు. పాతవాళ్లు ముక్కులు చిట్లించారు. కాలిపోయిన పియానో తిరిగొచ్చినట్టు ఉంటుందని మాస్టారు అనేసరికి గుమ్మటం మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకున్నాక ఇంకెవరు కాదంటారు!

పియానోతో కలిపి సాధన చేసిన రోజు రెండు భాగాలు తోడు లేకుండా పాడి, సముద్రం దగ్గర బృందం వెళ్లి పియానోతో పాలూ నీళ్లలా కలిసిపోయింది. తానిచ్చిన స్వరం మాత్రం అరమెట్టు కింద ఉండిపోయింది. మనుషులంటే సరే, అందరూ కూడబలుక్కున్నారనుకోవచ్చు. పియానో కూడా వాళ్ల పక్షమేనా? ఆ పెట్టెకి తన మీద కోపమేముంటుంది?

కచేరీ రోజు మధ్యాహ్నం హాల్లో పియానో శ్రుతి చేసే మనిషి ఒక్కడే ఉన్నాడని తెలిసి శ్రుతక్క దుకాణం నుంచి నేరుగా అక్కడికి వెళ్లింది. ఎవరినైనా అడగాలంటే బృందంలో లేనివాడినే అడగాలి. ఆ మనిషి పియానో కడుపులోకి వంగి, తీగలు బిగిస్తున్నాడు.

"మీ పియానో అరమెట్టు ఎత్తుగా ఉందండీ," అంది.

అతను రెండు కొమ్ముల ఇనప శ్రుతిదండం మోగించి చూశాడు, మెట్టు నొక్కి చూశాడు. రెండూ ఒకటే. "లేదమ్మా. సరిగ్గా ఉంది. ఏదీ, మీరు ఇదే స్వరం పాడండి చూద్దాం."

పాడింది. అతను తల ఊపాడు. "అరమెట్టు కింద ఉన్నారు."

శ్రుతక్క బెంచీ మీద కూలబడింది. అయిపోయింది, ఇక దాచేదేం లేదనుకుంది.

అతను పానా పక్కన పెట్టి అడిగాడు. "పుట్టుకతో వచ్చిన చెవా మీది? యాభై దాటాయా?"

"దాటాయి."

"అదే మరి. మీలాంటి చెవి ఉన్నవాళ్లకి ఆ ఈడులో చాలామందికి ఇలా అవుతుంది. లోకమంతా కొంచెం ఎత్తుగా వినిపిస్తుంది. వాళ్లకి సరిగ్గా ఉందనిపించింది కిందకి పడుతుంది. మా గురువుగారికీ అయింది. కంటికి చత్వారం రాదూ, అలాగే అనుకోండి."

రోజూ దుకాణంలో పదిమందికి ఆ మాట చెప్పేది తనే. చత్వారమండీ, అందరికీ వచ్చేదే, బెంగపడకండి అని. శ్రుతక్కకి ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక అనుమానం మిగిలింది.

"మరి మా అమ్మకి తర్వాత మరుపు వచ్చిందండీ. అది..."

"అది వేరు, ఇది వేరు. అది వస్తుందో రాదో నేను చెప్పలేను. శ్రుతి మారినంత మాత్రాన వస్తుందని మాత్రం లేదు."

"నేను కింద ఇస్తే మావాళ్లు సరిగ్గా ఎలా పాడుతున్నారు?"

"ఏళ్ల తరబడి పాడిన పాటలు కదా. గొంతులకి అలవాటు. వాటంతట అవే సర్దుకుని ఉంటాయి." అని అతను మళ్లీ తీగల్లోకి వంగాడు.

బాగానే ఉందనిపించింది. ఎవరికీ తెలియదన్నమాట. ఇక చేయాల్సిందల్లా తనకి తోచినదానికన్నా అరమెట్టు పైకి ఇవ్వడం. గుట్టు గుట్టుగానే సర్దుకుపోతుంది. అతని ముందే నాలుగుసార్లు పాడి చూసుకుంది. ప్రతిసారీ తప్పు పాడుతున్నట్టే ఉంది. ప్రతిసారీ అతను సరే అన్నాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పియానోకి చోటు కావాలని వరుసల్ని అర్ధచంద్రంలా వంచి నిలబెట్టారు. శ్రుతక్కది ఒక కొస, బేస్ వరుసది ఇంకో కొస. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకి గుమ్మటం మావయ్య ఎదురుగా, తల నుంచి పాదాల దాకా కనిపిస్తున్నాడు.

మాస్టారు తల పంకించాడు. శ్రుతక్క, తన చెవి వద్దు వద్దని మొత్తుకుంటున్న చోట గొంతు నిలిపి, నదిగీతానికి స్వరం ఇచ్చింది.

అందరూ మింగారు.

ఆ ఊపిరి సేపట్లో ఆమె చూసింది. గుమ్మటం మావయ్య కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. బొటనవేలు మెల్లగా పైకి లేచింది. ఒక్కసారిగా నలభై జతల కళ్లు ఆ వేలి మీద వాలి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మాస్టారి మీదకి వెళ్లిపోయాయి.

బృందం అందుకుంది. అరమెట్టు పైన.

గొంతుల అలవాటు కాదు. సర్దుకోవడం కాదు. వేలు. టీచరమ్మకి తెలుసు, మాస్టారికి తెలుసు, నిన్న గాక మొన్న చేరినవాళ్లకి కూడా తెలుసు. తెలిసి, అడిగితే లేదన్నారు. నియమం ప్రకారం మొహం మీద చెప్పకూడదు కాబట్టి, ఆమె వీపు వెనక శ్రుతి పెంచుకుంటూ వచ్చారు.

శ్రుతక్కకి కోపం రావడానికి కూడా తీరిక లేదు. ఇవాళ ఆమె సరిదిద్దుకుంది. వాళ్లూ అలవాటు కొద్దీ సరిదిద్దారు. పాట అసలు ఎత్తుకన్నా పైకెక్కి నడుస్తోంది. ఊట దాటి, ప్రవాహం దాటి, సముద్రం దగ్గర పియానో అందుకుంటుంది. అప్పుడు నిండు సభలో నలభై గొంతులు ఒక దారి, పియానో ఒక దారి అవుతాయి. అరవయ్యేళ్ల పరువు గంగలో కలుస్తుంది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే నెపం కొత్త మాస్టారి మీదకి పోతుంది, పియానో మీదకి పోతుంది, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది.

కానీ అప్పటికే ఇంకొకటి తట్టేసింది, అమ్మ ఫోన్లో అన్న మాట. నేనిచ్చేది ఒకటి, వాళ్లు పాడేది ఇంకొకటే.

శ్రుతక్క చెయ్యెత్తింది.

ముందు ఆడవాళ్ల పైగొంతులు తడబడ్డాయి. తర్వాత మగవాళ్ల పైగొంతులు, టెనర్లు, ఆగారు. బేస్ వరుస అందరికన్నా చివర, చక్రాలు అరిగిన బండిలా ఆగింది. ఈ బృందం పాట మధ్యలో ఆగడం అదే మొదలు. హాల్లో ఎవరో దగ్గబోయి మానేశారు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందక్కా?" అన్నాడు పెదవులతోనే.

శ్రుతక్క అతనికేసి చూడలేదు. "మావయ్యా, ఆ వేలు దించు," అంది.

గుమ్మటం మావయ్య చెయ్యి గబుక్కున వీపు వెనక్కి పోయింది.

"నా శ్రుతి తగ్గింది. నాకు ఇవాళే తెలిసింది. తెలుసుకుని, సరి చేసుకునే ఇచ్చాను. నేనిచ్చింది ఇచ్చినట్టు పాడండి. తప్పయితే నా మొహం మీదే చెప్పండి."

"నీ మనసు కష్టపెట్టడం ఎందుకని తల్లీ..." ఆ పెద్ద గొంతు ముందు వరుసకి కూడా సరిగ్గా అందలేదు.

"అమ్మకి కూడా ఇలాగే చేశారా?"

ఆయన తలొంచుకున్నాడు. "చేశాం. ఆవిడ పట్టేసింది. అడిగింది కూడా. మేమే లేదన్నాం."

శ్రుతక్కకి ఆ క్షణాన స్టేజీ దిగి వెళ్లిపోవాలనిపించింది. దిగలేదు. జనం వైపు తిరిగింది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. గుటక వేసి, మళ్లీ ఆ తప్పులా వినిపించే స్వరాన్నే పట్టుకుని ఇచ్చింది.

ఊపిరి సేపు నిశ్శబ్దం. గుమ్మటం మావయ్య రెండు చేతులూ వేళ్లు చాపి, అందరికీ కనిపించేలా కిందకి వదిలేశాడు.

నలభై మందీ ఆమె ఇచ్చిందే పాడారు.

అయినా ఆమెకి భయం తగ్గలేదు. పాటంతా తెలిసిన చోటు నుంచి కొంచెం పక్కకి జరిగినట్టే వినిపిస్తోంది. చీకట్లో మెట్లు దిగుతున్నట్టు ఒక్కో వరుసా పాడింది. ఆ పియానో మనిషి పొరబడ్డాడేమో. తాను ఇచ్చింది మరిచిపోయిందేమో. ఊట అయింది. ప్రవాహం నడుస్తోంది. మాస్టారి ఎడమచెయ్యి పియానో వైపు తిరిగింది. శ్రుతక్క కళ్లు మూసుకుంది.

పియానో అందుకుంది. అరమెట్టు కాదు కదా, వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

మరుపు తనకి రేపు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఆ భయం ఎక్కడికీ పోలేదు. కానీ అమ్మ ఆరోజు ఫోన్లో చెప్పినప్పుడు ఆమెకి మతి తప్పలేదు. ఆమె విన్నది నిజమే. మంచివాళ్లు నలభై మంది ప్రేమగా లేదన్నారు. కూతురు డాక్టరుకి చూపించుకోమంది. అమ్మ వాళ్లని నమ్మింది, తన చెవిని నమ్మడం మానేసింది.

పైగొంతులు సముద్రంలోకి దిగాయి. ఆల్టోలు అందుకోవాల్సిన చోటు వచ్చింది. శ్రుతక్క గొంతు లేవలేదు, తక్కినవాళ్లే అందుకున్నారు.